ఆదివారం నెమళ్లు

కృపాజ్యోతి రాసిన పరిశోధనా వ్యాసాలు పదకొండు. వాటిలో పదింటిని చదివినవాళ్లు ఎవరయ్యా అంటే, ముందు ఆమె, తర్వాత అచ్చుకు ముందు తప్పులు దిద్దినాయన, ఆ తర్వాత బహుశా ఎవరూ లేరు. పదకొండోది మాత్రం లోకమంతా తిరిగింది. ఆమె ఎన్నడూ చూడని దేశాలవాళ్లు, ఆమె పేరు సరిగ్గా పలకనైనా రానివాళ్లు, తమ వ్యాసాల చివర ఫలానావారి పనిని ఆధారం చేసుకున్నామంటూ ఆమె పేరు పెట్టుకున్నారు. అలా పెట్టుకోవడాన్నే సైటేషన్ అంటారు. ఆ ఒక్క వ్యాసానికి మూడు వందల పన్నెండు సైటేషన్లు. మిగిలిన పదింటికీ కలిపి ఇరవై తొమ్మిది.

ఎందుకిలా అయిందో ఆమెకు ఏనాడూ అంతుపట్టలేదు. తాను ప్రాణం పెట్టి చేశాననుకున్నది ముంగిసల మీద పని. మొయినాబాద్ పూలతోటల్లో ముంగిసలు ఏం తిని బతుకుతున్నాయో తేల్చడానికి రెండు వేసవులు గట్ల వెంట తిరిగి వాటి మలం ఏరింది, ఎండబెట్టింది, నానబెట్టి జల్లెడ పట్టింది. భర్త ఆనంద్ బాబు ఆ జల్లెడ వంటింటి గడప తొక్కకుండా కాపలా కాశాడు. ఇంత చేస్తే దానికి వచ్చిన సైటేషన్లు రెండు. అందులో ఒకటి ఆమె తన తర్వాతి వ్యాసంలో తానే పెట్టుకున్నది. ఇక నెమళ్ల మీద రాసినది, నిజం చెప్పాలంటే, ఆమె పొద్దున్నే మంచం దిగకుండానే తయారైన వ్యాసం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆమెది హిమాయత్‌నగర్. పట్నంలో ఉన్న హిమాయత్‌నగర్ కాదు, చేవెళ్ల రోడ్డు దిగి షేర్ ఆటోలో లోపలికి వెళితే వచ్చే ఊరు. ఈ ముక్క ఆమె జీవితంలో కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది. విదేశీ పత్రికలకు కూడా ఉత్తరం రాసి మరీ చెప్పింది. తండ్రి మోషే ఒక ఫామ్‌హౌస్‌లో తోటమాలిగా చేసి ఒక్కగానొక్క కూతుర్ని చదివించాడు. ఆమె చేవెళ్లలో డిగ్రీ, పట్నంలో ఎమ్మెస్సీ చేసి మొయినాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. చేరి పదిహేడేళ్లయింది. ఆనాడు ఏ కుర్చీ ఇచ్చారో ఈనాటికీ అదే కుర్చీ. తన దగ్గర చదువుకున్నవాళ్లు వచ్చి పక్క కుర్చీల్లో కూర్చుని, పై కుర్చీలకు వెళ్లిపోయారు.

ఈ ఏడు శాఖాధిపతి రిటైరయ్యాడు. ఆ పదవికి ఎవరెవరు ఎన్ని వ్యాసాలు రాశారో, ఒక్కోదానికి ఎన్ని సైటేషన్లు ఉన్నాయో ఫైలు చేసి బుధవారంలోగా ఇమ్మన్నారు. ఆఫీసు సూపరింటెండెంటు ప్రేమ్‌చంద్ ఆమె కంటే ఎక్కువ సంబరపడ్డాడు.

"మేడం, మీరు జర ఫికర్ చెయ్యకుండ్రి. పట్నంకెళ్లి ఇద్దరు అప్లై చేసిండ్రు గానీ, ఒకాయనకు నలభై, ఇంకొకామెకు అరవై. మీకు మూడొందల పన్నెండు. ఇగ ఇంటర్వ్యూ నామ్‌కే వాస్తే అని ప్రిన్సిపాల్ సారే అన్నడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ నంబరంటే ఏందో నాకైతే సమజ్ కాదు. పెద్దగ ఉన్నది, గంతే" అని ఒప్పుకున్నాడు.

ఆమెకు కూడా అంతకు మించి అర్థం కాలేదు. కానీ ఆ పదవి కావాలి. కావాలని పైకి అనలేదు గానీ, గట్టిగా కావాలి. నలభై నాలుగేళ్ల వయసులో ఇది తప్పితే ఇంకొకటి రాదని ఆమెకు తెలుసు.

అక్షయ వచ్చింది ఆ శుక్రవారమే. పట్నంలో ఒక పరిశోధనా సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. ఒక ల్యాప్‌టాప్, మట్టి కొట్టుకుపోయిన బూట్లు, చాలా మర్యాద.

"మేడం, మీ పేపర్ చదివే నేను ఈ ఫీల్డ్‌కు వచ్చిన" అంది.

ఇప్పుడు ఆ పేపర్ సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట కృపాజ్యోతి ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ మొదలుపెట్టింది. హిమాయత్‌నగర్ నుంచి సురంగల్ దాకా వాగు వెంట నెమళ్లు ఎన్ని ఉన్నాయో రోజూ తెల్లవారగానే లెక్కపెట్టాలి. మూడు కిలోమీటర్ల దారి, పన్నెండు చోట్ల ఆగడం, ఒక్కో చోట ఐదు నిమిషాలు. ఇలా రెండేళ్లు, ఒక్క రోజు తప్పకుండా. అప్పటికి ఆమె చంకలో పాప. కాలేజీ బస్సు ఏడున్నరకు. అందుకని తండ్రిని అడిగింది. ఒక సోమవారం నుంచి శనివారం దాకా ఆయనతో కలిసి నడిచి, ఎక్కడెక్కడ ఆగాలో చూపించి, ఒక నోట్‌బుక్ చేతిలో పెట్టింది. మోషే చదివింది ఐదో తరగతి, చూపు మాత్రం గద్ద చూపు. తేదీ పక్కన ఆ పొద్దు కనిపించిన నెమళ్ల మొత్తం రాశాడు. ఏ చోట ఎన్ని అని ఆమె రాయించలేదు. రోజుకు ఒక్క అంకె చాలనుకుంది.

రెండేళ్లయ్యాక అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తే ఒక వింత బయటపడింది. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు ముప్పై, ముప్పై రెండు నెమళ్లు. ఆదివారం వచ్చేసరికి పది, పదకొండు. మళ్లీ సోమవారం ముప్పై. గైడు కిషన్‌రావు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లలో శనివారం రాత్రి డీజేల మోత ఎంత ఉంటుందో తెలియనివాళ్లు ఎవరు? ఆ మోతకు బెదిరి నెమళ్లు ఆదివారం పొదల్లోంచి బయటికి రావడం లేదన్నమాట. నగరం వారాంతపు సరదా పక్షుల బతుకును ఇంత పట్టి కుదిపేస్తోందని ఎవరూ అంకెలతో చూపించలేదు. వ్యాసం పెద్ద విదేశీ పత్రికలో అచ్చయింది. శబ్ద కాలుష్యం మీద ఎవరు ఏం రాసినా, ముందు మొయినాబాద్ నెమళ్లను తలుచుకోకుండా మొదలుపెట్టడం మానేశారు.

"మేడం, మేం వాగు పొడుగునా చెట్లకు రికార్డింగ్ బాక్సులు కట్టినం" అంది అక్షయ. "ఏడాది అయింది. నెమళ్ల అరుపులు ఆదివారం తగ్గుతలేవు. ఏడు రోజులూ ఒక్కతీరే ఉన్నయి."

"డీజేలు తగ్గినయేమో ఇప్పుడు" అంది కృపాజ్యోతి.

"లేదు మేడం. అవి కూడా రికార్డయినయి. అప్పటికంటే ఎక్కువే ఉన్నయి."

"బాక్సులు ఖరాబైనయేమో?"

"నలభై బాక్సులు మేడం. అన్నీ ఒక్కసారి ఖరాబ్ కావు కదా." ఆ పిల్ల తప్పు చేసినదానిలా తల దించుకుంది. "మీది తప్పని కాదు. నేనే ఎక్కడో తప్పు చేస్తున్నట్టున్న. మీరు ఎట్ల లెక్కపెట్టిన్రో చూస్తే నాకు తెలుస్తది."

కృపాజ్యోతికి కోపం రాలేదు, భయమూ వేయలేదు. తికమక పడింది, అంతే. పన్నెండేళ్లలో నెమళ్లు మోతకు అలవాటు పడ్డాయా? పాత నెమళ్లు పోయి వేరేవి వచ్చాయా? ఆలోచించిన కొద్దీ ఒక్కో కారణం సబబుగానే కనబడింది, ఏదీ నిలబడలేదు.

శనివారం పొద్దున మోషే ఇద్దరినీ వెంటబెట్టుకుని నడిచాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, పంచె ఎగ్గట్టి కల్వర్టు పక్కన వాగులోకి దిగాడు. సర్కారు తుమ్మల సందుల్లోంచి దూరాడు. బురద తొక్కాడు. పన్నెండు చోట్లా ఆగాడు. అక్షయ రెండు నెమళ్లను చూసేలోగా ఆయన ఐదింటిని చూపించాడు. మొత్తం ముప్పై నాలుగు. సురంగల్ చెరువు కట్ట ఎక్కేసరికి ముగ్గురి బట్టలకూ ఉత్తరేణి గింజలు దట్టంగా పట్టుకుని ఉన్నాయి.

"ఇంత పక్కాగా ఎవరూ లెక్కపెట్టరు తాతా" అంది అక్షయ మనస్ఫూర్తిగా. "రేపు కూడా వస్తా. నాకు ఆదివారం చూడాలె."

"రా బిడ్డా. అటే ఆరాధనకు కూడా వస్తవు" అన్నాడు మోషే.

ఆదివారం తెల్లవారగానే వాళ్లిద్దరూ కల్వర్టు దగ్గర నిలబడ్డారు. మోషే వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల అంగీ, తలకు నూనె, చంకలో బైబిల్. వాళ్లను పలకరించి, కల్వర్టు పక్కన దిగకుండా నేరుగా రోడ్డు పట్టుకుని నడిచాడు.

"బాపూ, ఎటు పోతున్నవు? దారి ఇటు కదా" అంది కృపాజ్యోతి.

"ఆదివారం కదా బిడ్డా."

"అయితే?"

"అయితే ఏంది? చర్చిల మొదటి గంట నేనే కొట్టాలె. చాపలు నేనే ఎయ్యాలె. తెల్లబట్టలతోని ఆ ముండ్లల్ల పడి పొమ్మంటవా?"

ఆమె నాలుగడుగులు ఆయన వెంట నడిచింది. "మరి అప్పుడు? లెక్కపెట్టినప్పుడు?"

"గిట్లనే. రోడ్డు మీదనే నాలుగు తావుల నిలబడి చూసుకుంట పోతుంటి. ఇంటికాన్నుంచి గుడి దాంక ఎన్ని కనబడితే అన్ని రాసిన. కనబడనియి ఎట్ల రాస్త?" అని, అంతలోనే ఆగి, చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "ఏడు, ఎనిమిది... అగో, గట్టు మీద ఇంకొకటి. రాసుకో బిడ్డా."

అక్షయ రాసుకోలేదు. కృపాజ్యోతి ముఖం చూసి, చూడనట్టు బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మంచిది.

ఆరాధనలో పాస్టరు ఏం చెప్పాడో కృపాజ్యోతి చెవికెక్కలేదు. ముందు వరసలో కూర్చున్న తండ్రి వీపు చూస్తూ ఉండిపోయింది. ఆ అంగీ ప్రతి శనివారం ఇస్త్రీ చేసింది తానే. రెండేళ్లు, నూట నాలుగు ఆదివారాలు, తెల్లారగానే వాగులో దూరి వచ్చాడని తాను అనుకున్న మనిషి, ఒక్క గింజ అంటుకోకుండా, ఒక్క బురద చుక్క లేకుండా తన కళ్లముందే వచ్చి చాపలు పరిచాడు. జంతువుల గుర్తులు చూసి అవి ఎక్కడ తిరిగాయో చెప్పడం నేర్పే చదువు ఆమెది. ఆ చదువుకు పెద్ద పట్టా కూడా ఇచ్చారు.

సోమవారం పాత అంకెలు మళ్లీ తెరిచి ఆదివారాలను తీసేసింది. వాటిని తీసేస్తే మిగిలింది ఏమీ లేదు. వారమంతా ఒకే ఎత్తులో నడిచే గీత. నెమళ్లు ఉన్నాయి, బాగానే ఉన్నాయి, అంతే. దాన్ని అచ్చు వేసే పత్రిక ప్రపంచంలో లేదు. ఆదివారాలు ఉంచి, రోడ్డు మీది నాలుగు చోట్లకే లెక్క కుదించుదామా అంటే, ఏ చోట ఎన్నో రాయించలేదాయె.

కిషన్‌రావు సారుకు ఫోన్ చేసింది. ఆయన రిటైరై చేవెళ్లలో కొడుకు దుకాణం పైన ఉంటున్నాడు. అంతా చివరిదాకా విన్నాడు.

"అమ్మా, జ్యోతీ," అన్నాడు. "మోతకు పక్షులు బెదురుతయా, బెదరవా?"

"బెదురుతయి సార్. వేరే చోట్ల తేలింది."

"మరింకేంది? మనం చెప్పిన మాట అబద్ధం కాదు. మన లెక్క ఒక్కటి అటూ ఇటూ అయింది. అంతమంది పెద్దోళ్లు ఒప్పుకున్నంక నువ్వు పోయి కాదనుడేంది? ఎవరడిగిండ్రు నిన్ను? బుధవారం ఫైలు ఇయ్యి. ఆ పోస్టు నీకు రావాలె. నీ కష్టం నాకు ఎరుక."

ఆయన దుర్మార్గుడు కాదు. అదే ఆమెకు మరీ కష్టమైంది. చెడ్డమాట చెబితే కాదనడం తేలిక. ఆయన చెప్పింది సగం నిజం, సగం ప్రేమ. ఫోన్ పెట్టేశాక ఫైలు ఇవ్వాలని నిశ్చయించుకుంది. పావుగంటకు వద్దనుకుంది. కూర తాళింపు పెట్టే లోపల మళ్లీ ఇవ్వాలనుకుంది. అక్షయ ఎలాగూ తన వ్యాసం రాస్తుంది, అప్పుడు ఎవరి దారి వాళ్లది అనుకుంది. కానీ ఆ పిల్ల నలభై బాక్సులు కట్టి, తప్పు తనదేమోనని తల దించుకుని వచ్చింది. అది గుర్తొచ్చి కోపంగా కంచం పక్కకు తోసింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక, మంగళవారం సాయంత్రం తండ్రి మీద చూపింది.

మోషే ఇంటి ముందు బెండ మడికి నీళ్లు కడుతున్నాడు.

"రోజూ ఒకే దారిలో పోవాలని చెప్పిన్నా లేదా బాపూ? ఆదివారం రోడ్డెంట పోయిన అని ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

"నువ్వు ఆదివారం సంగతి ఎన్నడు మాట్లాడినవు బిడ్డా? సోమవారంకెళ్లి శనివారం దాంక నా ఎంబడి తిరిగినవు. ఆదివారం రాకపోతివి. ఆదివారం మనకు గుడి ఉంటదని నీకు ఎరుకే గదా, నేను చెప్పేదేముంటది అనుకున్న."



ఆయన పార పక్కన పెట్టి లోపలికి వెళ్లి బైబిల్ తెచ్చాడు. దాంట్లో మడత పెట్టి ఉంచిన కాగితం తీశాడు. ఆ వ్యాసం చివరి పేజీ. లెక్కించినవారికి కృతజ్ఞతలు అన్నచోట తన పేరు ఇంగ్లీషులో ఎక్కడ ఉందో ఆయనకు తెలుసు. దాని మీద వేలు పెట్టాడు.

"అయితే ఇది అబద్ధమా?"

"కాదు బాపూ."

"మరేంది?"

"నాకే సమజ్ అయితలేదు" అంది ఆమె, అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఆయన పార అందుకుని నీళ్లు మళ్లించే పని చూసుకున్నాడు. ఆయనకూ కళ్లు తడిశాయి, అటు తిరిగి నిలబడ్డాడు.

బుధవారం ఉదయం ప్రేమ్‌చంద్ ఫైలు తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూశాడు.

"మేడం, పదే ఉన్నయి. పెద్దది మర్చిపోయిన్రు."

"మర్చిపోలే. తీసేసిన."

"తీసేసిన్రా? గది లేకపోతే మీకు ఇరవై తొమ్మిదే. పోస్టు ఎట్ల వస్తది?"

"తెల్వదు" అందామె. నిజంగానే తెలియదు. స్టాఫ్ రూముకు వెళ్లకుండా సెలవు చీటీ రాసిచ్చి బస్టాండుకు నడిచింది.

ఇంటికి వచ్చి పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రాయాలి, కారణం కూడా రాయాలి. లెక్కించే శ్రమ అన్ని రోజులూ సమానంగా లేదని ఒకసారి రాసింది. పరిశీలకుడి వల్ల దోషం జరిగిందని ఒకసారి రాసి, వెంటనే కొట్టేసింది. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు బోలెడు. ఎవరికీ తగలకుండా, ఎవరినీ చూపకుండా చక్కగా తప్పించుకుపోతాయి. కీబోర్డు టకటక విని మోషే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం రాస్తున్నవు? నాకు చదివి చెప్పు."

"ఆదివారాలు దారి మారింది, అందుకే లెక్క తప్పింది అని రాసిన."

"ఎందుకు మారిందో రాసినవా?"

"అది అక్కర లేదు బాపూ."

"అక్కర ఉన్నది. లేకపోతే నేను పండుకున్న అనుకుంటరు, పని ఎగ్గొట్టిండు అనుకుంటరు. గుడికి పోయిండని రాయి. నా పేరు పెట్టి రాయి. దాంట్ల నాకు సిగ్గేం లేదు."

ఆమె రాసింది. మా నాన్న మోషే ఆదివారాలు ఆరాధనకు వెళుతూ, రోడ్డు మీద నుంచి కనిపించినవాటినే లెక్కించారు అని. దాని కింద ఇంకో వాక్యం రాసి ఊరుకుంది.

"అదేం రాసినవు?"

"రెండేళ్లల్ల ఒక్కసారి కూడా నేను ఆయన్ను అడగలేదు అని."

మోషే ఆ తెర మీదికి వంగాడు. "ఆ కాగితం మూడొందల మంది సదివిండ్రంటివి కదా. ఆదివారం ఎట్ల లెక్కవెట్టిండ్రని వాళ్లల్ల ఒక్కలన్న అడిగిండ్రా?"

కృపాజ్యోతి ఆలోచించింది. వ్యాసం అచ్చయినప్పటి నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ తలచుకుంది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, వ్యాసం పంపమన్నవాళ్లు ఉన్నారు, తమ వ్యాసాన్ని కూడా చూడమన్నవాళ్లు ఉన్నారు.

"లేదు బాపూ. మొన్న వచ్చిన పిల్ల ఒక్కతే."

"మరి ముందుగాల ఆ పిల్లకు రాయి" అన్నాడు మోషే. "తప్పు తనదేమోనని తల దించుకుని వచ్చిందంటివి. కాదని నీ నోటితోని ఇంకా చెప్పలే గదా."

ఆమె పత్రిక ఉత్తరాన్ని పక్కకు జరిపి అక్షయకు రాయడం మొదలుపెట్టింది. నీ లెక్క సరైనదే తల్లీ, అని రాసింది. ఆ కింద, ఆదివారం ఎలా లెక్కపెట్టారని మొదట అడిగింది నువ్వే, అని రాసింది.